మైక్రాన్, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్: మెమరీ చిప్పుల్లో ఉద్యోగమైతే ఎక్కడ చేరాలి?

మా అక్క కూతురు గుంటూరులో ఈసీఈ చివరి సంవత్సరం చదువుతోంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు అరిసెల పళ్లెం చేతికిస్తూనే అడిగింది. "మావయ్యా, దగ్గరని చూస్తే మైక్రాన్, పేరు చూస్తే శాంసంగ్, బోనస్ చూస్తే హైనిక్స్ అంటున్నారు మా సీనియర్లు. ఇంతకీ ఏది మంచిది?"

2007 నుంచి ఈ చిప్పుల టెస్టింగులోనూ ప్రోడక్ట్ ఇంజినీరింగులోనూ ఉన్నాను. ఆ రోజు చుట్టాల మధ్య తీరుబడిగా చెప్పడం కుదరలేదు. తర్వాత ఇదే ప్రశ్న మరో ఇద్దరు అడిగారు. ఒకరు హైదరాబాద్‌లో ఆరేళ్ల అనుభవం ఉన్న వెరిఫికేషన్ ఇంజినీరు, ఇంకొకరు అమెరికాలో ఎంఎస్ చేస్తున్న కుర్రాడు. ముగ్గురికీ ఒకే జవాబు పనికిరాదు. అందుకే కంపెనీల జోలికి వెళ్లేముందు ఈ వ్యాపారం తీరు చెప్పి, తర్వాత ఏం చూసుకోవాలో చెప్తాను.

## మిర్చి యార్డులాంటి వ్యాపారం

గుంటూరు పిల్లకి దీన్ని అర్థం చేయించడం తేలిక. ఒక ఏడు మిర్చికి ధర పలికితే మరుసటేడు పత్తి చేలో కూడా మిర్చే వేస్తారు. పంటంతా ఒక్కసారి యార్డుకి చేరేసరికి ధర పడిపోతుంది. డీర్యామ్ చిప్ (కంప్యూటర్ నడుస్తున్నంతసేపు డేటా పట్టుకునే మెమరీ) కూడా అలాంటి సరకే. ఒకే ప్రమాణానికి చేసిన చిప్పుల్లో ఒక కంపెనీది తీసి ఇంకో కంపెనీది పెట్టినా కంప్యూటర్ పని చేసుకుపోతుంది. కాబట్టి ధర కంపెనీ చేతిలో ఉండదు. పైగా మిర్చి పంట నెలల్లో చేతికొస్తే, కొత్త ఫ్యాబ్ (చిప్పుల కర్మాగారం) కట్టి వేఫర్లు (చిప్పులు చెక్కే పలచని సిలికాన్ బిళ్లలు) బయటికి తీయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ధర బాగుందని మొదలుపెట్టిన ఫ్యాబ్ ధర పడ్డాక పూర్తవుతుంది. మిర్చినైతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఎదురుచూడొచ్చు. చిప్ నిల్వ ఉండగానే కొత్త తరం వచ్చి దాని విలువ తినేస్తుంది.

అంకెల్లో చూడండి. మైక్రాన్ అమ్మకాలు 2022 ఆర్థిక సంవత్సరంలో సుమారు 30.8 బిలియన్ డాలర్లు. మరుసటేడు 15.5 బిలియన్లు, దాంతోపాటు 5.8 బిలియన్ల నష్టం. 2025 ఆర్థిక సంవత్సరానికి అవే అమ్మకాలు 37.4 బిలియన్లు. ఎస్‌కే హైనిక్స్ 2023లో 7.7 లక్షల కోట్ల కొరియన్ వాన్ల నిర్వహణ నష్టం చూసి, 2024లో 23.5 లక్షల కోట్ల వాన్ల లాభం చూసింది. శాంసంగ్ చిప్ విభాగానికి 2023లో దాదాపు 14.9 లక్షల కోట్ల వాన్లు పోయాయి. మూడూ పెద్ద కంపెనీలే, మూడూ ఒకే ఏడాది మునిగి ఒకే ఏడాది తేలాయి.

తేలని కంపెనీల జాబితా చాలా పొడవు. మెమరీతోనే మొదలైన ఇంటెల్ 1985లో డీర్యామ్ వదిలేసింది. జర్మనీ కంపెనీ కిమోండా 2009 జనవరిలో దివాలా తీసింది. జపాన్‌లో ఎన్‌ఈసీ, హిటాచీల మెమరీ విభాగాలు కలిసి ఏర్పడిన ఎల్పిడా 2012లో చేతులెత్తేసింది. ఇప్పుడు ప్రపంచ డీర్యామ్‌లో పదింట తొమ్మిది వంతులకు పైగా మూడు కంపెనీల చేతిలోనే ఉంది. మీరు ఎంచుకోబోయేది మిగిలిన ఆ మూడింటిలోంచి.

ఇప్పుడు నడుస్తున్నది మంచి కాలం. ఏఐ సర్వర్లకి మెమరీ చాలక 2025 చివర్లో ధరలు ఎగబాకాయి, ఆ వేడి ఫోన్ల ధరలకీ తగిలింది. ఆఫర్లు కూడా బాగానే వస్తున్నాయి. అయితే మీరు ఇప్పుడు చేరితే మొదటి ఐదారేళ్లలో ఒక్క కరువైనా చూస్తారని అనుకునే చేరండి.

## ఏం చూసుకోవాలి?

నా లెక్కలో అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: ఆ ఆఫీసులో, ఆ టీంలో, చిప్ ఏ దశలో నా చేతికి వస్తుంది?

ఎందుకో చెప్తాను. 2009లో నేను పనిచేస్తున్న చోట (పేరు ఎందుకులెండి) ఒక శుక్రవారం మధ్యాహ్నం మా టీంలో పద్నాలుగు మందిలో తొమ్మిది మందిని పిలిచి కాగితాలు చేతిలో పెట్టారు. వెళ్లిపోయినవాళ్లలో నాకంటే తెలివైనవాళ్లు కనీసం నలుగురున్నారు. మిగిలిన ఐదుగురం ఎలా మిగిలామంటే, కస్టమర్ దగ్గర ఫెయిలై తిరిగొచ్చిన చిప్పులు మా బల్లల మీద ఉన్నాయి. ఎందుకు ఫెయిలయ్యాయో ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి, ఆ డేటా మా దగ్గరుంది. కొత్త ప్రాజెక్టులు ఆగిపోవచ్చు, అమ్మిన సరకుకి జవాబు చెప్పడం ఆగదు.

మెమరీలో పనుల్ని సిలికాన్‌కి, అంటే తయారైన అసలు చిప్‌కి, ఎంత దగ్గరో చూసి వరస పెడితే ఇలా ఉంటాయి: ఫ్యాబ్ ప్రాసెస్, యీల్డ్ (వేఫర్‌లో ఎన్ని చిప్పులు బాగా వచ్చాయన్న లెక్క), తర్వాత ప్రోడక్ట్ ఇంజినీరింగ్ (తయారైన చిప్ ఎందుకు ఫెయిలైందో తేల్చడం), టెస్ట్, తర్వాత సర్క్యూట్ డిజైన్, లేఅవుట్ (సర్క్యూట్‌ని చిప్ మీద అమర్చి గీయడం), ఆ తర్వాత ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్ (స్టోరేజీ డ్రైవ్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్), వాలిడేషన్, చివర్లో టూల్స్, ఐటీ. చివరివి తక్కువ పనులని నా ఉద్దేశం కాదు. కాకపోతే వాటిని ఏ కంపెనీలోనైనా చేయొచ్చు, అందుకోసమే మెమరీ కంపెనీకి రానక్కర్లేదు.

అమీర్‌పేటలో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోర్సు చేసిన పిల్లలకి ఇక్కడే ఒక మాట. మీకు నేర్పేది ఎక్కువగా సిస్టమ్ వెరిలాగ్, యూవీఎం, అంటే చిప్ డిజైన్‌ని కోడుతో సరిచూసే పద్ధతులు. అవి ప్రాసెసర్ తరహా చిప్పులకి సరిగ్గా సరిపోతాయి. డీర్యామ్ డిజైన్ దారి వేరు. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ ఉన్న చిన్న గడి, అందులోని కాస్త చార్జీని పసిగట్టే సెన్స్ యాంప్లిఫయర్, చార్జీ కారిపోకముందే కొన్ని పదుల మిల్లీసెకన్లకోసారి జరిగే రిఫ్రెష్. ఇదంతా ట్రాన్సిస్టర్ స్థాయిలో చేత్తో మలిచే పని. ఇంటర్వ్యూలో స్పైస్ (సర్క్యూట్‌ని కంప్యూటర్‌లో నడిపి చూసే సాధనం) గురించి, ఆర్‌సీ డిలే గురించి, సీమాస్ ఇన్వర్టర్ గురించి తవ్వి తవ్వి అడుగుతారు. యూవీఎం మీదే ఆశ పెట్టుకుని వెళ్లి నీళ్లు నమిలినవాళ్లని చాలామందిని చూశాను.

ఇక మిగతావి. కరువులో ఆ కంపెనీ మనుషుల్ని ఎలా చూసిందన్నది రెండోది. డబ్బు ఏ రూపంలో వస్తుందన్నది మూడోది: జీతమా, బోనసా, షేర్లా. ఊరు, భాష, వీసా నాలుగోవి. రేపు బయటికి రావాల్సి వస్తే మీరు నేర్చింది ఇంకెక్కడ చెల్లుతుందన్నది ఐదోది. యువకులు పట్టించుకోనిది, నలభై దాటినవాళ్లు బాధపడేది ఈ ఐదో దాని గురించే.

## మైక్రాన్

1978లో ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో, ఒక పళ్ల డాక్టరు క్లినిక్ నేలమాళిగలో నలుగురితో మొదలైంది. తొలినాళ్లలో పెట్టుబడి పెట్టినవాళ్లలో ముఖ్యుడు జె.ఆర్. సింప్లాట్, మెక్‌డొనాల్డ్స్‌కి ఆలుగడ్డ ముక్కలు సరఫరా చేసిన వ్యాపారి. పంట ధరల ఎగుడుదిగుళ్లు ఎరిగిన మనిషి మెమరీలో డబ్బు పెట్టడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది. ఇతరులు మునిగినప్పుడు కొనడం ఈ కంపెనీకి అలవాటు. 1998లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ మెమరీ విభాగాన్ని, 2013లో ఎల్పిడాని కొన్నది. ఇప్పుడు వేఫర్లు తయారయ్యేది జపాన్ హిరోషిమాలో, తైవాన్‌లో, సింగపూర్‌లో, అమెరికాలో. సీఈఓ సంజయ్ మెహ్రోత్రా కాన్పూర్‌లో పుట్టినవారు, 1988లో శాన్‌డిస్క్ స్థాపించిన ముగ్గురిలో ఒకరు. 2017 నుంచి ఇక్కడ ఉన్నారు.

మనవాళ్లకి సంబంధించినంతవరకు ఈ మూడింట్లో మైక్రాన్‌దే పెద్ద గుమ్మం. 2019లో హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం తెరిచింది, బెంగళూరులోనూ ఉంది. హైదరాబాద్ కేంద్రంలో సర్క్యూట్ డిజైన్, లేఅవుట్, ప్రోడక్ట్ ఇంజినీరింగ్, ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్, వాలిడేషన్ మొదలుకొని ఐటీ దాకా అన్ని రకాల పనులూ ఉంటాయి. ఈ "అన్ని రకాలూ" అన్న మాట దగ్గరే జాగ్రత్త పడాలి. "మైక్రాన్‌లో వచ్చింది" అన్నంత మాత్రాన సిలికాన్ దగ్గరకి చేరినట్టు కాదు. ఆఫర్ లెటర్‌లో టీం పేరు, రిపోర్ట్ చేయాల్సిన మేనేజరు ఏ విభాగమన్నది అడిగి తెలుసుకోండి. ప్రోడక్ట్ ఇంజినీరింగ్ అయితే, నా మాట వినండి, జీతం కాస్త తక్కువైనా చేరండి. హిరోషిమాలోనో తైవాన్‌లోనో తయారైన వేఫర్ టెస్ట్ డేటా మీ స్క్రీన్ మీదికి వస్తుంది. ఎక్కడ ఏ బిట్ ఎందుకు చచ్చిందో మ్యాప్ చూసి చెప్పే విద్య మూడేళ్లలో అబ్బుతుంది.

గుజరాత్ సానంద్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. 2023 జూన్‌లో ప్రకటించిన ఆ 2.75 బిలియన్ డాలర్ల ప్రాజెక్టులో మైక్రాన్ వాటా 82.5 కోట్ల డాలర్ల వరకు, మిగతాది కేంద్ర, గుజరాత్ ప్రభుత్వాలది. అక్కడ వేఫర్ తయారు కాదు. బయటినుంచి వచ్చిన వేఫర్‌ని కోసి, ప్యాకేజీ చేసి, టెస్ట్ చేస్తారు. ప్యాకేజింగ్, టెస్ట్, పరికరాల నిర్వహణ ఇష్టమైన మెకానికల్, ఈఈఈ, డిప్లొమా పిల్లలకి అది మంచి చోటు. ట్రాన్సిస్టర్ గీయాలనుకునేవారికి కాదు.

కరువులో ఎలా ఉంది? 2022 డిసెంబరులో సిబ్బందిని 10 శాతం తగ్గిస్తామని ప్రకటించి, 2023 మొదట్లో దాన్ని 15 శాతానికి పెంచింది. ఆ ఏడాది బోనస్‌లూ ఆపేసింది. అమెరికా కంపెనీ తీరు అది, వేగంగా కోస్తుంది, వేగంగా తీసుకుంటుంది. ఉత్పత్తుల్ని వదిలేయడంలోనూ అంతే నిర్మొహమాటం. 2025 ఆగస్టులో ఫోన్లలో వాడే న్యాండ్ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ) స్టోరేజీ కొత్త తరాల అభివృద్ధి ఆపేస్తున్నట్టు, డిసెంబరులో క్రూషియల్ పేరుతో దుకాణాల్లో అమ్మే ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది. అంతా డేటా సెంటర్ల వైపు మళ్లుతోంది. ఆ రెండు విభాగాల అనుభవం ఉన్నవారు ఈ దిశ చూసుకుని అడుగెయ్యాలి.

డబ్బులో షేర్ల వాటా ఉంటే అది నాస్‌డాక్‌లో ఉన్న షేరు. చేతికి వచ్చిన రోజు విలువ జీతంలో కలిసి పన్ను పడుతుంది. ఆ తర్వాత ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి. ఇది మరచిపోయి నోటీసులు అందుకున్నవాళ్లు నాకు తెలుసు.

## శాంసంగ్

శాంసంగ్ అంటే మనకి ఫోను, టీవీ. కంపెనీకి లాభం ఎక్కువగా తెచ్చిపెట్టింది మాత్రం చాలా ఏళ్లపాటు మెమరీయే. 1938లో ఎండు చేపలు, నూడుల్స్ అమ్మిన దుకాణంగా మొదలైన సంస్థ ఇది. 1983లో డీర్యామ్‌లోకి దిగుతామని ప్రకటించి, ఆ ఏడాది చివరికల్లా 64 కిలోబిట్ చిప్ చేసింది. దాని డిజైన్ లైసెన్స్ ఇచ్చింది ఎవరో కాదు, మైక్రానే. పదేళ్లు తిరిగేసరికి శిష్యుడు గురువుని దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి వెళ్లాడు, మూడు దశాబ్దాలు అక్కడే కూర్చున్నాడు. తొలి చేతి ఫోను చేసింది 1988లో. 1995లో నాణ్యత బాగాలేదని చైర్మన్ లీ కున్-హీ గుమీ ఫ్యాక్టరీ ఆవరణలో దాదాపు లక్షా యాభై వేల ఫోన్లు, ఇతర పరికరాలు పోగేయించి ఉద్యోగుల కళ్లముందే తగలబెట్టించాడు. ఆ కంపెనీ క్రమశిక్షణ, దాని వెనకున్న ఒత్తిడి, రెండూ ఆ ఒక్క సంఘటనలో కనిపిస్తాయి.

బెంగళూరులో శాంసంగ్ పేరుతో రెండు వేర్వేరు సంస్థలున్నాయి, క్యాంపస్ పిల్లలు తరచూ కలగాపులగం చేస్తారు. ఒకటి శాంసంగ్ సెమీకండక్టర్ ఇండియా రీసెర్చ్. చిప్ విభాగానికి పనిచేస్తుంది, అంటే మెమరీ, ఎక్సినోస్ లాంటి ప్రాసెసర్లు, ఫౌండ్రీ (ఇతర కంపెనీల చిప్పులు తయారుచేసిపెట్టే వ్యాపారం). రెండోది 1996 నుంచి ఉన్న శాంసంగ్ ఆర్ అండ్ డీ ఇన్‌స్టిట్యూట్. అక్కడ ఫోన్ సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్ టెక్నాలజీ, ఏఐ. నోయిడాలో మరో పరిశోధన సంస్థ ఉంది. 2018లో ప్రపంచంలోనే పెద్ద మొబైల్ ఫ్యాక్టరీగా ప్రారంభమైన కర్మాగారమూ అక్కడే. ఇంటర్వ్యూ పిలుపు ఏ సంస్థ నుంచి వచ్చిందో చూసుకోండి. ఒకచోట సర్క్యూట్లు, ఎంబెడెడ్ సీ అడుగుతారు, ఇంకోచోట అల్గారిథమ్ మీద గంటల తరబడి కోడింగ్ పరీక్ష పెడతారు.

శాంసంగ్ బలం వెడల్పు. మెమరీ, ప్రాసెసర్, ఫౌండ్రీ, ఫోను, అన్నీ ఒకే గొడుగు కింద ఉన్న కంపెనీ ఈ మూడింట్లో ఇదొక్కటే. యూఎఫ్‌ఎస్ (ఫోన్లలో వాడే) స్టోరేజీ ఫర్మ్‌వేర్ రాసే ఇంజినీరుకి అదే స్టోరేజీ వాడే ఫోను పక్క విభాగంలోనే ఉంటుంది. నేను చెప్పిన ఐదో కొలతలో దీనికే ఎక్కువ మార్కులు.

బలహీనత కూడా అక్కడే ఉంది. నిర్ణయాలు కొరియాలోని సువాన్‌లో, హ్వాసంగ్‌లో జరుగుతాయి. మన టీంకి వచ్చేది చాలాసార్లు ముక్కలు చేసిన పని. అసలు సిలికాన్ కొరియాలో, డేటా కొరియాలో, మీటింగు సగం కొరియన్‌లో. పట్టుబట్టి కొరియా ప్రయాణాలు సంపాదించి, నాలుగు మాటలు కొరియన్ నేర్చుకున్నవాళ్లు అక్కడ బాగా ఎదిగారు. బెంగళూరు డెస్క్ దాటనివాళ్లు ఐదేళ్లకి విసిగిపోయారు.

ఏఐకి కావలసిన హెచ్‌బీఎం మెమరీలో (డీర్యామ్ పొరలు పేర్చి చేసేది) శాంసంగ్ వెనకబడింది. 2024 అక్టోబరులో చిప్ విభాగాధిపతి పనితీరు మీద బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2023 నష్టాల వల్ల చిప్ విభాగానికి వార్షిక లాభాల బోనస్ సున్నా అయింది. 2024లో కంపెనీ చరిత్రలో తొలి సమ్మె జరగడానికి ఆ అసంతృప్తి ఒక కారణం. ఇంత జరిగినా మైక్రాన్ తరహాలో శాతాలు ప్రకటించి మనుషుల్ని తీసేయలేదు. భద్రత కావాలా, వేగం కావాలా అన్నది ఇక్కడ మీరు తేల్చుకోవాలి.

## ఎస్‌కే హైనిక్స్

ఈ కంపెనీ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. 1983లో హ్యుందాయ్ ఎలక్ట్రానిక్స్‌గా పుట్టింది. 1999లో ఎల్‌జీ చిప్ విభాగాన్ని కలుపుకుని అప్పుల్లో కూరుకుపోయింది. 2001లో హైనిక్స్ అయి బ్యాంకుల చేతిలోకి వెళ్లింది. 2002లో మైక్రాన్ దీని మెమరీ వ్యాపారాన్ని కొనడానికి సిద్ధమైంది. ఒప్పందం బోర్డు ముందుకొచ్చాక డైరెక్టర్లు కాదన్నారు. ఆ ఒక్క "కాదు" లేకపోతే ఈరోజు ఈ వ్యాసంలో రెండే కంపెనీలు ఉండేవి. 2012లో ఎస్‌కే గ్రూప్ తీసుకుంది. మరుసటి ఏడాదే ఏఎండీతో కలిసి తొలి హెచ్‌బీఎం తెచ్చింది. డీర్యామ్ పొరల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, వాటి గుండా నిలువుగా తీగలు దింపే ఆ మెమరీకి అప్పట్లో గిరాకీ పెద్దగా లేదు. అయినా వదల్లేదు. ఏఐ వచ్చింది, ఎన్‌విడియా వచ్చింది, 2025 మొదటి త్రైమాసికంలో డీర్యామ్ ఆదాయంలో శాంసంగ్‌ని తొలిసారి దాటేసింది.

మా అక్క కూతురు విన్న బోనస్ కథ నిజమే. 2025 సెప్టెంబరులో యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం నిర్వహణ లాభంలో 10 శాతం ఉద్యోగులకి పంచుతారు, అంతకుముందున్న పరిమితి ఎత్తేశారు. అది కొరియాలో, కొరియా యూనియన్‌తో జరిగిన ఒప్పందం. ఇక్కడి ఆఫర్‌ని ఆ వార్త చూసి అంచనా వేయకండి. లాభంలో వాటా అంటే కరువులో వాటా ఉండదన్న సంగతీ గుర్తుంచుకోండి.

ఈ కంపెనీతో మనకున్న చిక్కు గుమ్మం ఎక్కడుందన్నదే. మన దేశంలో మిగతా రెండింటికి ఉన్నంత పెద్ద కేంద్రాలు దీనికి లేవు. పని చాలావరకు కొరియాలోని ఇచన్, చోంగ్జు ఊళ్లలో. చైనా వూషీలో డీర్యామ్ ఫ్యాబ్ ఉంది. ఇంటెల్ నుంచి కొన్న న్యాండ్ వ్యాపారం అమెరికాలో సాలిడైమ్ పేరుతో నడుస్తోంది. అమెరికాలో చదివేవారికి ఆసక్తికరమైనది ఇండియానాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం పక్కన కడతామని 2024లో ప్రకటించిన 3.87 బిలియన్ డాలర్ల అధునాతన ప్యాకేజింగ్ కర్మాగారం. బీటెక్ అవగానే గుంటూరు నుంచి నేరుగా హైనిక్స్‌కి దారి దాదాపు లేదు. కైస్ట్ లాంటి కొరియా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చేసి, కొరియన్ భాష పరీక్ష రాసి, అక్కడినుంచే చేరడం ఒక దారి. కష్టమైనదే, కానీ సిలికాన్‌కి అంత దగ్గరగా తీసుకెళ్లే దారి ఇంకోటి లేదు.

## పక్కనున్న మరికొన్ని గుమ్మాలు

శాన్‌డిస్క్ న్యాండ్ మాత్రమే చేసే కంపెనీ. 2016లో వెస్టర్న్ డిజిటల్ కొని, 2025 ఫిబ్రవరిలో మళ్లీ విడదీసింది. బెంగళూరులో పెద్ద డిజైన్ కేంద్రం ఉంది. ఫ్యాబ్‌లు జపాన్‌లో కియోక్సియాతో ఉమ్మడి. న్యాండ్ ఫ్లాష్ పుట్టింది తోషిబాలో, కియోక్సియా ఆ కొమ్మే. ఫ్లాష్, కంట్రోలర్, ఫర్మ్‌వేర్ ఇష్టపడేవారికి మైక్రాన్‌తో సమానంగా దీన్నీ చూడమంటాను. ఒకే సరకు మీద ఆధారపడ్డ కంపెనీ కాబట్టి ఎగుడుదిగుళ్లు ఇంకాస్త గట్టిగా తగులుతాయి.

యూవీఎం నేర్చుకున్న పిల్లలకి మాత్రం ఫోన్ ప్రాసెసర్ల కంపెనీలే సరైన చోటు. హైదరాబాద్‌లో పెద్ద క్యాంపస్ ఉన్న క్వాల్‌కామ్, నోయిడా, బెంగళూరుల్లో ఉన్న మీడియాటెక్. మెమరీ కంట్రోలర్ (ప్రాసెసర్‌లో డీర్యామ్‌తో మాట్లాడే భాగం) టీంలో పడితే డీర్యామ్‌ని అవతలివైపు నుంచి నేర్చుకోవచ్చు కూడా.

చైనా మెమరీ కంపెనీలు సీఎక్స్‌ఎంటీ, వైఎంటీసీ వేగంగా పెరుగుతున్నాయి. మనకి అక్కడ ఉద్యోగాల దారి లేదు కాబట్టి ఆ పేర్లు ధరల లెక్కకే పనికొస్తాయి.

## ఒక్కచోట చూడాలంటే

| చూడాల్సింది | మైక్రాన్ | శాంసంగ్ | ఎస్‌కే హైనిక్స్ | శాన్‌డిస్క్ |
|---|---|---|---|---|
| ప్రధాన కేంద్రం | బోయిసీ, అమెరికా | సువాన్, కొరియా | ఇచన్, కొరియా | మిల్పిటాస్, అమెరికా |
| ఏం చేస్తుంది | డీర్యామ్, న్యాండ్ | డీర్యామ్, న్యాండ్, ప్రాసెసర్లు, ఫౌండ్రీ, ఫోన్లు | డీర్యామ్, న్యాండ్ | న్యాండ్ |
| మన దేశంలో గుమ్మం | హైదరాబాద్, బెంగళూరు, సానంద్ | బెంగళూరు, నోయిడా | చిన్నది | బెంగళూరు |
| ఇక్కడినుంచి సిలికాన్ దూరం | టీంని బట్టి, ప్రోడక్ట్ ఇంజినీరింగ్‌లో దగ్గర | మధ్యస్థం | కొరియాలో చేరితే చాలా దగ్గర | మధ్యస్థం |
| 2023 కరువులో | 15 శాతం కోత, బోనస్ లేదు | చిప్ విభాగానికి లాభాల బోనస్ సున్నా | భారీ నష్టం | అప్పటికి వెస్టర్న్ డిజిటల్‌లో భాగం |
| బయట చెల్లుబాటు | బాగుంటుంది | అన్నిటికంటే వెడల్పు | లోతు ఎక్కువ, వెడల్పు తక్కువ | ఫ్లాష్, ఫర్మ్‌వేర్‌లో బాగుంటుంది |

## మీరు ఎవరో దాన్నిబట్టి

ఇప్పుడే బీటెక్ అయినవారు. హైదరాబాద్ మైక్రాన్‌లో ప్రోడక్ట్ ఇంజినీరింగ్ లేదా సర్క్యూట్ డిజైన్ వస్తే అదే మొదటి ఎంపిక. ఫర్మ్‌వేర్ వస్తే దాన్నీ బెంగళూరు శాంసంగ్ సెమీకండక్టర్, శాన్‌డిస్క్ ఆఫర్లనూ పక్కపక్కన పెట్టి, టీం ఏ ఉత్పత్తి మీద పనిచేస్తుందో చూసి తేల్చుకోండి. సర్వర్ ఎస్‌ఎస్‌డీ టీం అయితే ఇప్పటి గాలి అటే. సీటీసీలో లక్షో రెండు లక్షలో తేడాకి టీంని వదులుకోవద్దు.

ఐదు నుంచి పదేళ్ల అనుభవం, ఇంటి లోను, పిల్లల స్కూలు ఉన్నవారు. మీ విషయంలో నేను కాస్త భయస్తుణ్ణి. ఆఫర్‌లో స్థిర జీతం ఎంత, బోనస్ ఎంత, షేర్లు ఎంత అని విడదీసి, ఈఎంఐ స్థిర జీతంతోనే గడుస్తుందో లేదో చూడండి. బోనస్, షేర్లు వస్తే అప్పు ముందుగా తీర్చడానికి వాడండి. నన్నడిగిన వెరిఫికేషన్ ఇంజినీరుకి ఇదే చెప్పాను. ఆయనకి ప్రాసెసర్ల అనుభవం ఉంది కాబట్టి శాంసంగ్ వెడల్పు ఎక్కువ పనికొస్తుంది, కానీ ఆ దంపతులిద్దరి ఉద్యోగాలూ హైదరాబాద్‌లోనే. చివరికి ఊరు మారకుండా క్వాల్‌కామ్ మెమరీ కంట్రోలర్ టీంకి ప్రయత్నిస్తానన్నారు. సరైన ఆలోచనే అనిపించింది.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్నవారు. స్టెమ్ ఓపీటీతో (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) కలిపి మీకు మూడేళ్లుంటాయి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, దేశం బయటినుంచి మిమ్మల్ని పిలిపించుకునే కంపెనీలు తగ్గుతాయి. చేరాలంటే అక్కడ ఉండగానే చేరాలి. బోయిసీలో మైక్రాన్ పరిశోధన ఉంది, కొత్త ఫ్యాబ్ కూడా కడుతోంది. చలి ఎక్కువ, డల్లాస్‌లోలాగా వీధికో తెలుగు కుటుంబం ఉండదు. ఐదేళ్లు ఓర్చుకుంటే మాత్రం ఫ్యాబ్ పక్కనే కూర్చుని నేర్చిన పని, తిరిగి హైదరాబాద్ వచ్చినా మీ మాటకి బరువు తెస్తుంది. ప్యాకేజింగ్ ఇష్టమైతే ఇండియానా వైపు ఇప్పటినుంచే కన్నేసి ఉంచండి.

ఫోన్ల మీద ప్రేమతో వస్తున్నవారు. మెమరీ కంపెనీ మీకు విసుగు తెప్పిస్తుంది. బెంగళూరు శాంసంగ్ ఆర్ అండ్ డీ, లేదా హైదరాబాద్ క్వాల్‌కామ్ చూడండి. శ్రీసిటీలో 2015 నుంచి ఫోన్లు బిగించారు, నోయిడాలో ఇప్పటికీ లక్షలకొద్దీ తయారవుతున్నాయి. అవి తయారీ లైన్ ఉద్యోగాలు, ఇంజినీరింగ్ డిజైన్ అక్కడ జరగదు.

ఏ ఇంటర్వ్యూలోనైనా చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు. అప్పుడు ఈ మూడూ అడగండి. ఈ టీం చివరిసారి ఏ చిప్‌ని ఉత్పత్తి దాకా తీసుకెళ్లింది? ఫెయిలైన సిలికాన్ డేటా ఇక్కడ ఎవరు చూస్తారు? 2023లో ఈ టీంలో ఎంతమంది ఉండేవాళ్లు, ఏడాది చివరికి ఎంతమంది మిగిలారు? మూడో ప్రశ్నకి మేనేజరు తడబడకుండా జవాబు చెప్తే ఆ మనిషి కింద పనిచేయొచ్చు.

మా అక్క కూతురికి ఈ ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చాను. సెన్స్ యాంప్లిఫయర్ బొమ్మ చేత్తో గీసి, చార్జీ ఎటునుంచి ఎటు వెళ్తుందో చెప్పగలిగే దాకా ఏ కంపెనీకీ అప్లై చేయొద్దన్నాను. నిన్న రాత్రి ఫోటో పంపింది. బిట్ లైన్లు రెండూ సరిగ్గానే గీసింది, ప్రీచార్జ్ మరిచిపోయింది. ఆదివారం వీడియో కాల్‌లో కూర్చుందామన్నాను.